అక్క తరపు సాక్ష్యం

ఆగస్టు చివరి సోమవారం

నువ్వు దొంగవి. ఇది తెరిచి చదువుతున్న నిన్నే అంటున్నాను. నేను బతికుండగా చదివితే దొంగవి, పోయాక చదివితే శవం మీద గుడ్డ లాగేవాడివి. పైగా పిరికివాడివి. ఒంట్లో బాగున్నన్నాళ్ళూ ఆత్మ సంగతి నీకు గుర్తుండదు. నాలుక పిడచకట్టుకుపోతే చాలు, సంఘపెద్ద ఇంటికి మనిషిని పరిగెత్తిస్తావు. ఊళ్ళో సగం మంది నీలాంటి వాళ్ళే. చివరి ఊపిరి దాకా పాపాలు పోగేసుకుని, అన్నీ కలిపి ఒక్క బాప్తిస్మంతో కడిగేసుకుందామనుకునే బేరగాళ్ళు. దీని మీద నడిబజారులో నిలబడి నేను ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చానో అందరికీ తెలుసు. ఈ నంఫామో వస్తున్నాడంటే పక్క సందులోకి తప్పుకునేవాళ్ళు కూడా ఉన్నారు.

ఆ కోపం ఇవాళ ఎందుకూ పనికిరావడం లేదు. అక్క పడిపోయింది.

తోళ్ళు ఊనేవాళ్ళ వీధిలో కాన్పు చేయిస్తోందట. బిడ్డ బయటపడింది, బొడ్డు కోసింది, కత్తి కింద పెట్టింది, అలాగే పక్కకి ఒరిగిపోయింది. ఇదంతా బిరిక్త్ చెప్పింది. బిరిక్త్ అక్కతో పాటు కాన్పులకి వెళ్ళే మనిషి, అక్క దగ్గరే పని నేర్చుకుంది. తలుపు చెక్క మీద పడుకోబెట్టి మోసుకొచ్చారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నోరు ఒక పక్కకి పోయింది. మాట లేదు.

కళ్ళు మాత్రం ఉన్నాయి. నన్నే చూస్తున్నాయి.

మంగళవారం

అక్కకి బాప్తిస్మం కాలేదు. చిన్నప్పుడు నుదుటి మీద సిలువ గీసి నాలుక మీద ఉప్పు పెట్టారు, అంతే. తరువాతి మెట్టు ఎక్కలేదు. ఎందుకు ఎక్కలేదో నాకు తెలుసు. మొన్న శుక్రవారమే మళ్ళీ చెప్పింది. అది రాసి పెట్టాలి, లేకపోతే రేపు నేనే మార్చేస్తాను. నా సంగతి నాకు తెలుసు.

అంజూరాలు తింటున్నాం. బిరిక్త్ అరుగు మీద కూర్చుని పాత బట్టలు పీలికలు చేస్తోంది.

"వచ్చే పస్కా పండక్కైనా బాప్తిస్మానికి పేరు రాయించుకో అక్కా," అన్నాను.

"నువ్వే గదరా, నీళ్ళతో పనిలేదని బజార్లో గొంతు చించుకునేది."

"నేను నీళ్ళు వద్దనలేదు. నీళ్ళు పడని పసిబిడ్డల్ని దేవుడు నిప్పులో వేస్తాడనేది అబద్ధం అన్నాను. ఆ నిప్పు కూడా ఎప్పటికీ ఉండదు, మురికి వదిలేదాకా కాల్చి ఆరిపోతుంది అన్నాను."

"నువ్వంటే సరిపోయిందా. మన సంఘపెద్ద క్రెస్కెన్స్ అట్లా అనడే."

"వాడి మొహం."

"వాడి మొహమో నీ మొహమో, ఎవరిది నిజమో పోయినాక గాని తెలీదు. నా పిల్ల ఎక్కడుంటే నేనూ అక్కడికే పోతాను. క్రెస్కెన్స్ అన్నట్టు అది నిప్పులోనే ఉందనుకో, దాన్ని ఎత్తుకోడానికి ఎవరో ఒకళ్ళు ఉండొద్దూ? వద్దురా. నాకా నీళ్ళు వద్దు."

అని ఇంకో అంజూరం తీసుకుంది.

పిల్ల పుట్టిన మూడోరోజే పోయింది. ఎనిమిదో రోజున గాని పేరు పెట్టరు కాబట్టి పేరు లేదు. వానకి వాగు పొంగి అప్పటి సంఘపెద్ద అవతలి ఒడ్డున ఉండిపోయాడు, బాప్తిస్మం కాలేదు. పిల్లని నూనె జాడీలో పెట్టి ఇంటి చూరు కిందే పూడ్చాం, అందరూ పూడ్చినట్టే. ఆ తరువాత అక్కకి ఇంకెవరూ పుట్టలేదు. ఊరందరి పిల్లల్నీ మాత్రం కాన్పుల్లో ఆమే పట్టింది.

బుధవారం

గంజి రెండు చెంచాలు మింగింది. బాగవుతుంది.

గురువారం

మింగలేదు.

శుక్రవారం

క్రెస్కెన్స్ వచ్చాడు. నేను పిలవలేదు. పిలిపించాను, అది వేరు.

మా ఊరి సంఘపెద్ద అతనే. నా ఉపన్యాసాలకి జవాబుగా ప్రతి ఆదివారం ఊరి బయటి సున్నపుబట్టీని చూపించి నరకం చెప్తాడు. బట్టీ ఆరదు, చూడండి, అంటాడు. జనం తలలు తిప్పి చూస్తారు. అలాంటివాడు వచ్చి అక్క మంచం పక్కన పీట మీద కూర్చున్నాడు.

"నా పిల్లలిద్దర్నీ ఈమే పట్టింది," అన్నాడు.

"అయితే బాప్తిస్మం ఇవ్వండి."

"నువ్వా నంఫామో అడిగేది?"

"నేనే."

"నిప్పు ఆరిపోతుందని చెప్తావు గదయ్యా. మీ అక్క దగ్గరికి వచ్చేసరికి ఆరేదాకా ఆగలేవా?"

జీవితంలో మొదటిసారి ఆ మనిషి ముందు తల దించుకున్నాను. అతనికి కూడా అది నచ్చినట్టు లేదు. గొంతు తగ్గించాడు.

"ఎగతాళికి రాలేదులే. విను. మాట పడిపోయినవాళ్ళు తమంతట తాము ఒప్పుకోలేరు గదా. అలాంటివాళ్ళ కోసం మొన్న బిషప్పులందరూ కూడినప్పుడు ఒక నియమం పెట్టారు. సొంతవాళ్ళు ముందుకొచ్చి, ఈమె ఒంట్లో బాగున్నప్పుడు బాప్తిస్మం కావాలని అడిగింది అని సాక్ష్యం చెప్పాలి. చెబితే ఇస్తాం. కాని ఆ సాక్ష్యం చెప్పినవాడి సొంత పూచీ మీద."

"అంటే?"

"అబద్ధమైతే ఆ పాపం వాడి ఆత్మ మీదే. నీకు బాప్తిస్మం అయిపోయింది. కడుక్కున్నవాడు మళ్ళీ బురదలో దిగితే ఇంకోసారి నీళ్ళు లేవు."

"సాక్ష్యం అబద్ధమైతే ఆమె మీద పడ్డవి మామూలు నీళ్ళేనా?"

"అది దేవుడికి వదిలెయ్. నీకు మాత్రం మామూలుగా ఉండదు." లేచి తలుపు దగ్గర ఆగాడు. "ఇంకోటి. ఊపిరి ఉండగానే పిలు. పోయినాక మా కాళ్ళమీద పడ్డా లాభం లేదు. అవతలి ఊళ్ళో శవానికి నీళ్ళు పోయించారట, జనానికి మతిపోయింది. అడిగిందా మరి?"

"ఆలోచించి చెప్తాను," అన్నాను.

"ఆలోచించేదేముంది నంఫామో. అడిగిందా లేదా అంతే గదా."

శనివారం

భయం వేస్తోంది. రాస్తే పోతుందేమో.

ఈ ఊళ్ళోనే నలుగురు నాలుగు చెప్తారు. కుమ్మరివాళ్ళ ముసలాయన, ఆత్మ కూడా ఒంటితో పాటే చచ్చి మట్టిలో విత్తనంలా పడి ఉంటుంది, తీర్పు బూర ఊదిన రోజున రెండూ కలిసి లేస్తాయి అంటాడు. అదే నిజమైతే హాయి, అక్కా పిల్లా పక్కపక్కనే నిద్రపోతారు. కాని ఆయన మాట ఎవరూ పట్టించుకోరు, బిషప్పు పేరెత్తితేనే ఉమ్మేస్తాడు. ఐగుప్తు దేశం నుంచి వచ్చే వర్తకులేమో, పైకి పోయే దారిలో గాలిలో సుంకం వసూలు చేసే దయ్యాలు కూర్చుని ఉంటాయి, ఒక్కొక్కటీ ఒక్కో పాపం పేరు పెట్టి నిలదీస్తుంది అంటారు. మా నాన్న చెప్పింది ఇంకోటి. భూమి అడుగున చల్లని చోటు ఒకటి ఉంది, అబ్రాహాము రొమ్ము అంటారు, మంచివాళ్ళు తీర్పు దాకా అక్కడ సేదదీరుతూ ఉంటారు, విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన హతసాక్షులు మాత్రం సరాసరి పైకి పోతారు. నాలుగోది క్రెస్కెన్స్ బట్టీ.

నా మాట ఐదోది. నేను చదివాను, వాదించాను, గెలిచాను. కార్తేజ్ నగరం నుంచి వచ్చిన పండితుడే నోరు మూసుకుని పోయాడు. మూడు రోజుల పిల్లని కాల్చేవాడు తండ్రి కాడు అని నేను అన్నప్పుడు ఆడవాళ్ళు ఏడ్చారు.

అది నిజమని నాకు తెలుసు. తెలిస్తే ఎందుకు నిద్ర పట్టడం లేదు?

నేను చెప్పింది నిజమైతే అక్కకి నీళ్ళు అక్కర్లేదు. క్రెస్కెన్స్ చెప్పింది నిజమైతే నీళ్ళు పడ్డ అక్క ఒకవైపు, పడని పిల్ల ఒకవైపు. అప్పుడు నా నోటితో నేనే వాళ్ళిద్దర్నీ

వద్దు. ఇంతటితో చాలు.

శనివారమే, భోజనాల తరువాత

ఎడమ చెయ్యి పట్టుకుని అడిగాను. "అక్కా, నీళ్ళు కావాలంటే నా వేలు నొక్కు."

చెయ్యి వెనక్కి తీసుకుంది. కదిలించగలిగేది ఆ ఒక్క చెయ్యే.

ఆదివారం

గుడికి వెళ్ళలేదు. బయటికి వెళ్ళినా బట్టీ వైపు దారి వదిలి చుట్టూ తిరిగి వచ్చాను. కొలిమి ముందు నుంచి కూడా పోబుద్ధి కాలేదు. పొద్దున బిరిక్త్ రొట్టెలు కాల్చడానికి పొయ్యి రాజేస్తే అరిచాను. ఆమె ఆర్పేసి చల్లటి గంజి పోసింది.

నిన్న అక్క చెయ్యి కదిలింది, అది ముఖ్యం. అడగ్గానే కదిలింది. అర్థం చేసుకుంది కాబట్టే కదిలించింది.

సోమవారం

న్యాయంగా ఆలోచిద్దాం. నేను న్యాయంగా ఆలోచించడానికి పేరు పడ్డవాణ్ణి.

పడిపోకముందు శుక్రవారం అక్క అన్నది దుఃఖంలో అన్న మాట. దుఃఖంలో అన్నదాన్ని ఏ న్యాయాధికారీ లెక్కలోకి తీసుకోడు. ఇంకా చెప్పాలంటే నవ్వుతూ అంది. అంజూరం తింటూ ఎవరైనా అంత పెద్ద మాట మనసారా అంటారా? క్రెస్కెన్స్ చేతి నీళ్ళు వద్దు అని ఉంటుంది. అవును, క్రెస్కెన్స్ పేరు వచ్చింది ఆ మాటల్లో. క్రెస్కెన్స్ చేతి నీళ్ళు వద్దు అంటే వేరేవాళ్ళ చేతివి కావాలనే.

చిన్నప్పుడు నాలుక మీద ఉప్పు పెట్టించుకుంది గదా. ఉప్పు పెట్టించుకోవడం అంటే అడగడమే. సగం దారి నడిచినవాణ్ణి నువ్వు బయల్దేరనేలేదు అనగలమా?

నొక్కింది. మెల్లగా నొక్కింది.

సోమవారం, ఇంకా

బిరిక్త్‌తో గొడవ అయింది.

"నేను క్రెస్కెన్స్‌కి చెప్పబోతున్నాను," అన్నాను.

"ఏమని?"

"అడిగిందని."

"అయ్యా, నేను అక్కడే ఉన్నాను గదా."

"నువ్వు పీలికలు చించుకుంటున్నావు. సరిగ్గా వినలేదు."

"చేతులతో చించాను, చెవులు ఖాళీగానే ఉన్నాయి. ఆవిడ వద్దంది."

"ఆమెకి ఆత్మ సంగతి ఏం తెలుసు?"

"మీకు తెలుసా?"

"తెలుసు."

"అయితే ఎందుకయ్యా పొయ్యి ఆర్పించారు?"

బయటికి పొమ్మన్నాను. పోలేదు. అక్క వీపు తుడుస్తూ అక్కడే ఉంది. కొంచెంసేపయ్యాక నేనే మళ్ళీ అడిగాను, నీకు భయం లేదా అని. తుడిచే గుడ్డ ఆపి, "ఆవిడంటే భయం," అంది. "లేచి నన్ను తిడుతుందని."

అప్పుడు నేను చెప్పిన మాట రాస్తున్నాను. ఇది వాదం కాదు. అక్క నిప్పులో ఉండడం నేను ఊహించలేను బిరిక్త్. ఇంకేమీ లేదు. అదొక్కటే. నేను నిద్రపోవాలంటే ఆమె తల తడవాలి.

బిరిక్త్ గుడ్డ గిన్నెలో పిండింది. "ఆవిడ నిద్ర సంగతి?" అంది.

మంగళవారం

అడిగింది అని చెప్పాను.

బుధవారం

క్రెస్కెన్స్ ఇంకో ఇద్దరు పెద్దల ముందు మూడుసార్లు అడిగాడు. నీ పూచీ మీదనా. నా పూచీ మీద. నీ ఆత్మ పూచీ మీదనా. నా ఆత్మ పూచీ మీద. మాట తడబడలేదు. నడిబజారులో మాట్లాడి మాట్లాడి గొంతుకి అలవాటైపోయింది, దానికి నిజమూ అబద్ధమూ తేడా తెలియదు.

"రేపు పొద్దున్నే వస్తాను," అన్నాడు.

"ఇప్పుడే రండి."

"అభిషేకం నూనె బిషప్పు దగ్గర్నించి రావాలయ్యా. నీ తొందర కోసం నూనె ఊరదు."

గురువారం

ఎలా రాయాలో తెలియడం లేదు. వరసగా రాస్తాను.

తెల్లవారిన తరువాత అక్క ఊపిరి మారింది. లాగి, ఆగి, లాగి. బిరిక్త్ ఆ చప్పుడు విని తల పక్కకి తిప్పుకుంది. నేను వీధి చివర నిలబడ్డాను. క్రెస్కెన్స్ నూనె బుడ్డి పట్టుకుని, అంగీ అంచు పైకెత్తి, దాదాపు పరిగెత్తుతూ వచ్చాడు. అతను పరిగెత్తుతున్నాడు. అది నేను చూశాను. ఎప్పుడూ మరచిపోకూడదు.

లోపలికి వచ్చేసరికి అక్క కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. నేను చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. రాత్రి దుప్పటి పక్కకి పడిపోయింది కాబట్టి చల్లగా ఉంది.

క్రెస్కెన్స్ నీళ్ళ గిన్నె పైకెత్తి ఆగిపోయాడు. "ఊపిరి ఉందా?"

నేను మాట్లాడలేదు.

"నంఫామో. శవానికి నేను పోయను. ఊపిరి ఉందా?"

బిరిక్త్ ముందుకి వచ్చింది. ఏడ్వని బిడ్డల ముక్కు దగ్గర ఎలా పెడతారో అలా అక్క ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టింది. కళ్ళు మూసుకుంది. ఎంతసేపు ఉందో.

"ఉంది," అంది.

పోశాడు. తండ్రి పేరున, కుమారుని పేరున, పరిశుద్ధాత్మ పేరున. నీళ్ళు నుదుటి మీద నుంచి తెరిచి ఉన్న కంటిలోకి పోయాయి. ఆ కన్ను మూయలేదు. నూనె పూసి, తెల్లటి గుడ్డ కప్పాడు. కొంచెంసేపటికి బిరిక్తే అక్క కళ్ళు మూసి గడ్డం కింద కట్టు కట్టింది. పోయింది అని ఎవరూ అనలేదు, అందరూ ఒకేసారి మోకాళ్ళ మీద కూర్చున్నారు.

క్రెస్కెన్స్ వెళ్ళాక వాకిట్లో బిరిక్త్ ఎదురుపడింది. నేను అడగలేదు. తనంతట తనే అంది.

"నాకూ భయమేసిందయ్యా."

అంతే అంది. దేనికని నేను అడగలేదు.

శుక్రవారం

హతసాక్షి సమాధి ఉన్న తోటలో, గోడ లోపల పెట్టారు. నీళ్ళు పడ్డవాళ్ళకే అక్కడ చోటు. ఆడవాళ్ళు ప్రయాణానికి పనికొస్తుందని పవిత్రమైన రొట్టె ముక్క ఒకటి అక్క పెదవుల మధ్య పెట్టారు. క్రెస్కెన్స్ వంగి రెండు వేళ్ళతో తీసేశాడు.

"చచ్చినవాళ్ళకి రొట్టె లేదు, నీళ్ళూ లేవు," అన్నాడు. "నియమం అది." అంటూ తల ఎత్తి బిరిక్త్‌ని చూశాడు. తరువాత నన్ను చూశాడు. అతనికి తెలుసు. లేక నాకు అలా అనిపించింది. తెలిసీ పోశాడా? తెలిస్తే అతను కూడా భయపడే పోశాడు. ఈ ఊళ్ళో ఎవరిది విశ్వాసమో ఎవరిది భయమో విడదీయగలిగినవాడు ఉంటే రమ్మనండి, వాడితో వాదిస్తాను.

మట్టి వేశాక అతన్ని పక్కకి పిలిచాను. "పెద్దగారూ, ఇంటి చూరు కింద జాడీ ఒకటి ఉంది. అది తెచ్చి ఈమె పక్కన పెట్టనివ్వండి."

"ఎవరిది?"

"ఆమె కూతురిది."

"బాప్తిస్మం అయిందా?"

"మూడు రోజుల పిల్ల."

తల అడ్డంగా ఊపాడు. కోపంగా కాదు. నా భుజం మీద చెయ్యి కూడా వేశాడు. "గోడ లోపల కుదరదు నంఫామో. నేను పెట్టిన గోడ కాదు ఇది."

నేను తీసుకొచ్చిన గోడ అది. పైన ఏముందో నాకు తెలియదు, ఇక్కడ మాత్రం కళ్ళెదురుగా కనిపిస్తోంది. అక్క ఇటు, పిల్ల అటు. నిన్నటి దాకా వాళ్ళ మధ్య చూరు ఒక్కటే ఉండేది.

శనివారం

నొక్కలేదు. చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆదివారం

ప్రార్థన చేద్దామని కూర్చున్నాను. మాటలు రావడం లేదు. వచ్చినవన్నీ బజారులో అరిచే మాటలే. సరే, వచ్చినవే రాస్తాను. తీర్పు తీర్చేవాడివి నువ్వే అయితే, ఇది నీకు. దయచేసి అనడం లేదు. భయంగానే ఉంది, అయినా అనడం లేదు. ఇవి నా డిమాండ్లు.

ఒకటి. "అడిగింది" అన్న మాట నాది. దానికి వేయాల్సిన శిక్ష ఏదైనా నాకే వేయాలి. అక్క మీద ఒక్క నిప్పురవ్వ పడకూడదు.

రెండు. ఊపిరి ఉందా లేదా అని బిరిక్త్‌ని నిలదీయకూడదు. క్రెస్కెన్స్‌ని కూడా. అతను పరిగెత్తుకుంటూ వచ్చాడు.

మూడు. అక్కని నీ వాకిట్లో నిలబెట్టి ప్రశ్నలు వేయకూడదు. ఆమెకి మాట పడిపోయింది. ముందు మాట తిరిగి ఇవ్వాలి, తరువాతే ఏదైనా.

నాలుగు. ఆమె తరపున ఇంకెవరి సాక్ష్యమూ తీసుకోకూడదు. ఆమెనే అడగాలి. కూతురి దగ్గరికి పంపమంటే పంపాలి. దానికి ఆ నీళ్ళు అడ్డమైతే నీళ్ళు తీసెయ్యాలి. పోసినవాడికి తీయడం రాదు, నీకు వచ్చి ఉండాలి.

ఐదు. ఆ పిల్ల నిప్పులో ఉంటే ఇవాళే బయటికి తీయాలి. ఏ వాదమూ వినను.

ఆరు. దానికి పేరు లేదు. పేరు ఉన్నవాళ్ళనే పిలుస్తాం అనే నియమం ఏదైనా ఉంటే కొట్టెయ్యాలి. తల్లి పేరు అరిసుత్. అరిసుత్ కూతురు అని పిలిస్తే చాలు.

ఏడు. నేను పోయి అక్కడికి వచ్చిన రోజున అక్క నన్ను చూసి మొహం తిప్పుకుంటే, ఎవరూ ఆమెకి నచ్చజెప్పకూడదు.